పాత రివాల్వర్లు, దొరకని తూటాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చిన ప్రతివాళ్ళూ హాల్లో పాత రివాల్వర్లున్న అద్దాల పెట్టె చూసి అవే నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ఇంటికెళ్ళాక ఫోన్ చేసి ఇంకో పది అడుగుతారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబే.

మాటల గురించి ఒక ముక్క. తూటా అంటే మొత్తం సరుకు: గుల్ల, ప్రైమర్, మందు, గుండు. ప్రైమర్ అంటే గుల్ల అడుగున, దెబ్బ తగిలితే మందుకి నిప్పంటించే బుల్లి బిళ్ళ. గుండు అంటే గొట్టంలోంచి బయటికి పోయే సీసం. గుల్ల అంటే ఆ తర్వాత మిగిలే ఇత్తడి. ఇక నల్లమందు అంటే మనకి వేరే అర్థం ఉంది కాబట్టి బ్లాక్ పౌడర్‌ని, అంటే పాతకాలపు తుపాకీ మందుని, బ్లాక్ పౌడర్ అనే అంటాను.

## మొదలుపెట్టే ముందు

ఆంటిక్ అనాలంటే ఎంత పాతదై ఉండాలి? వందేళ్ళు దాటితే చాలా?

చాలదు. అమెరికా ఫెడరల్ చట్టంలో గీత వయసు మీద లేదు, తేదీ మీద ఉంది. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైతే ఆంటిక్. 1899 జనవరిలో తయారైతే మామూలు తుపాకీ కిందే లెక్క. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ గీసిన గీత అది, ఏళ్ళు గడిచినా ముందుకు జరగదు. లెక్కలోకి వచ్చేది ఫ్రేమ్, అంటే మిగతా భాగాలన్నీ బిగించే ఒళ్ళు, తయారైన తేదీ. గొట్టం, పిడి తర్వాత మార్చినా ఫ్రేమ్ పాతదైతే పాతదే.

ఇది ఫెడరల్ మాట. రాష్ట్రాల దారి రాష్ట్రాలది. న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల టెక్సస్ లెక్కతో పోతే ఇరుక్కుంటారు. ఇల్లు మారుతున్నప్పుడు ఫర్నిచర్ సంగతికన్నా ముందు ఈ సంగతి కనుక్కోండి.

'ఆబ్సొలీట్ కేలిబర్' అంటే అసలు ఏమిటి?

కేలిబర్ అంటే తూటా కొలత. ఆ కొలత తూటాని ఇప్పుడు పెద్ద కంపెనీలు మామూలుగా చేసి అమ్మడం లేదని అర్థం. రివాల్వర్ పాతదైనంత మాత్రాన దాని తూటా అంతరించిపోయిందని కాదు. .45 కోల్ట్ పుట్టింది 1873లో, ఈ రోజుకీ షాపులో దొరుకుతుంది. .44-40 కూడా అంతే. అదే .44 స్మిత్ అండ్ వెసన్ అమెరికన్, .41 లాంగ్ కోల్ట్, 11 మిల్లీమీటర్ల ఫ్రెంచ్ ఆర్డినెన్స్ లాంటివి చిన్న తయారీదార్ల దగ్గర అడపాదడపా దొరికితే దొరికినట్టు. ఇక .41 రిమ్‌ఫైర్ (గుల్ల అంచు మీద దెబ్బ పడితే పేలేది), పిన్‌ఫైర్ (గుల్ల పక్కన మేకు ఉండేది) లాంటివి దాదాపు ప్రదర్శన సరుకే.

అమెరికాలో 1898లో గానీ అంతకు ముందు గానీ చేసిందైతే ఏ కేలిబర్ అయినా ఆంటికే. ఫెడరల్ చట్టం ఆ రివాల్వర్ల విషయంలో కేలిబర్ అడగదు.

నేను హెచ్-1బి మీద ఉన్నాను. ఆంటిక్ అంటే తుపాకీ కాదంటున్నారుగా, కొనొచ్చా?

అందరికన్నా ఎక్కువగా అడిగేది మనవాళ్ళే, అందరికన్నా జాగ్రత్తగా ఉండాల్సిందీ మనవాళ్ళే. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం అందులో ఒకటి. ఆంటిక్‌ని ఆ చట్టం తుపాకీగా లెక్కపెట్టదు, నిజమే. కానీ మీ ఆంటిక్‌లో పట్టే .38 తూటా ఇప్పటి తుపాకీలోనూ పడుతుంది. ఆ తూటాల డబ్బా మీ ఇంట్లో దొరికితే అప్పుడు మాట్లాడేది రివాల్వర్ గురించి కాదు.

నా సలహా: గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా పుస్తకాలు చదవండి, ప్రదర్శనలు చూడండి. అంత ఆగలేకపోతే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. నేను తొమ్మిదేళ్ళు ఆగాను, రివాల్వర్లు ఎక్కడికీ పోలేదు.

మా తమ్ముడు ఇంగ్లండ్‌లో ఉన్నాడు. అక్కడా ఇదే పద్ధతా?

పూర్తిగా వేరు. అక్కడ కేలిబరే ప్రాణం. ప్రభుత్వం ఆబ్సొలీట్ కేలిబర్ల జాబితా పెట్టుకుంది. ఆ జాబితాలో ఉన్నదాన్ని కుతూహలానికో అలంకారానికో దాచుకుంటే లైసెన్స్ అక్కర్లేదు. 2021 మార్చి 22న కొత్త నిబంధనలు వచ్చి ఏడు కేలిబర్లని జాబితాలోంచి తీసేశారు. .44 రష్యన్, .41 కోల్ట్, .442, .320 అందులో పోయాయి. అంతవరకూ గోడకి వేలాడిన వస్తువు లైసెన్స్ సరుకైంది.

ఇంకో తేడా ఉంది. అక్కడ ఆంటిక్ అంటే చూసుకోవడానికే. కాల్చే ఉద్దేశం పెట్టుకున్న క్షణం నుంచి అది ఆంటిక్ కాదు, దానికి వేరే అనుమతి కావాలి.

మొదటిది ఏది కొనమంటారు?

కోల్ట్ కంపెనీది మాత్రం కాదు. వాళ్ళ గుర్రం బొమ్మకే సగం ధర పోతుంది. 1880ల నాటి స్మిత్ అండ్ వెసన్ .38 డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ లాగితే చాలు, హ్యామర్ అనే సుత్తి తనే లేచి కొట్టే రకం) మంచి మొదలు. గొట్టాన్ని కిందికి మడిస్తే రెండుగా విచ్చుకునే రకం. లక్షల్లో చేశారు కాబట్టి కొన్ని వందల డాలర్లలో దొరుకుతుంది. పనితనం మటుకు గడియారం పనితనం. దాన్ని విప్పకుండా ఒక ఏడాది గడపగలిగితే మీరు ఈ దారికి పనికొస్తారు.

కాల్చే సరదానే ముఖ్యమైతే ముందు కొత్తగా చేసిన ఇటాలియన్ నకలు కొనుక్కుని బ్లాక్ పౌడర్ అలవాటు చేసుకోండి. నూట నలభై ఏళ్ళ ఇనుము మీద నేర్చుకోవద్దు.

## కొనేటప్పుడు

గొట్టం మీద 1884 అని రాసి ఉంది. అంటే 1898 లోపుదే కదా?

కాదు. అది పేటెంట్ తేదీ. పేటెంట్ తీసుకున్న ముప్పై ఏళ్ళ తర్వాత చేసిన రివాల్వర్ మీదా అదే తేదీ ఉంటుంది. కావాల్సింది సీరియల్ నంబర్. పిడి అడుగున, సిలిండర్ (తూటాలు పెట్టే, తిరిగే భాగం) వెనక, పిడి చెక్కలు తీస్తే లోపల, కంపెనీని బట్టి చోటు మారుతుంది. ఆ నంబర్‌ని ఆ మోడల్‌కి అచ్చయిన పట్టికతో పోల్చాలి.

బెల్జియం సరుకైతే ఇంకో ఆధారం ఉంది. లియేజ్ పట్టణపు పరీక్ష ముద్రలో ఈఎల్‌జీ అక్షరాల మీద కిరీటం 1893 నుంచి వచ్చింది. కిరీటం లేకపోతే అంతకు ముందుదని అర్థం.

'ఫ్యాక్టరీ లెటర్ ఉంది' అని ధర పెంచుతున్నారు. దానికి అంత విలువుందా?

ఉంది. కోల్ట్ వాళ్ళ ఆర్కైవ్, స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ పాత రికార్డులు తిరగేసి, ఆ సీరియల్ నంబర్ రివాల్వర్ ఏ తేదీన ఏ కేలిబర్‌లో ఏ రంగుతో ఎవరికి పంపారో రాసిస్తాయి. 'నీలం రంగు' అని ఉత్తరంలో ఉండి మీ చేతిలోది నికెల్ పూతతో ఉంటే, మధ్యలో ఎవరో వేలు పెట్టారన్నమాట. అమ్మేవాడు చూపించే ఉత్తరంలోని నంబర్, ఇనుము మీది నంబర్ ఒకటేనా అని మీ కళ్ళతో అంకె అంకె చూసుకోండి. నేనొకసారి చూసుకోలేదు. ఒక అంకె తేడా. పదేళ్ళయినా ఆ ఉత్తరాన్ని పారేయలేదు, అదే నా ఫీజు రసీదు.

చేతిలోకి తీసుకున్నాక ఏమేం చూడాలి?

ముందు అడిగి తీసుకోండి. ఖాళీగా ఉందో లేదో అమ్మేవాడు చెప్పినా మీరూ చూడండి. తర్వాత బొటనవేలితో హ్యామర్‌ని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి. చెవి దగ్గర పెట్టుకుని వింటూ లాగండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చి నిలిచే లోపు సిలిండర్ తిరిగి 'టక్'మని గడియపడాలి. హ్యామర్ నిలిచిపోయాక కూడా సిలిండర్‌ని వేలితో ఇంకొంచెం తిప్పితే తప్ప గడియపడటం లేదంటే లోపలి భాగం అరిగింది. ఇలా ఒక్క గదికి (ఒక తూటా పట్టే రంధ్రానికి) కాదు, అన్ని గదులకీ చూడాలి. ఆరింటిలో నాలుగు బాగుండి రెండు తేడాగా ఉండటం మామూలే.

హ్యామర్‌ని దించేటప్పుడు వదిలేయొద్దు, పట్టుకుని దించండి. ఉత్తినే ట్రిగ్గర్ నొక్కి టిక్కుటిక్కుమనిపించేవాణ్ణి చూస్తే ఏ అమ్మకందారుకైనా ఒళ్ళు మండుతుంది.

సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ ఆడించి చూడండి. గొట్టం వెనక చివర, గుండు దూరేచోట వెంట్రుకంత బీటలు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. గొట్టంలోకి చూస్తే ఒకచోట నల్లటి ఉంగరంలా కనబడితే అక్కడ గొట్టం ఉబ్బింది. ఎప్పుడో ఒక గుండు ఇరుక్కుంటే దాని వెనకే ఇంకోటి కాల్చిన గుర్తు అది. మడిచే రకమైతే పై గడియ వేసి గొట్టాన్ని అటూ ఇటూ కదపండి. కదిలితే అది గోడకే.

తళతళలాడుతోంది, ధరా తక్కువే. ఎందుకు వద్దంటున్నారు?

ఎవరో పాలిష్ పట్టి మళ్ళీ పూత వేశారు కాబట్టి. అక్షరాల అంచులు చూడండి. కొత్తలో ఉలితో చెక్కినట్టు పదునుగా ఉన్నవి, పాలిష్ చక్రం కింద పడ్డాక ఎండలో పెట్టిన ఐస్‌లా కరిగిపోతాయి. స్క్రూ రంధ్రాల చుట్టూ సొట్ట పడుతుంది. తుప్పు గుంటల మీద నికెల్ మెరుస్తుంటే చెప్పక్కర్లేదు, నూటికి నూరుపాళ్ళు తర్వాత వేసిందే. మా వ్యసనంలో గోధుమ రంగు తిరిగిన ముసలి ఇనుముకి ఉన్న గౌరవం మెరుపుకి లేదు.

స్మిత్ అండ్ వెసన్ లాగే ఉంది, స్పెయిన్‌లో చేశారట. తీసుకోనా?

చూసుకోవడానికైతే తీసుకోండి. ఐబర్ పట్టణంలో చేసిన నకళ్ళలో కొన్ని బాగానే ఉన్నా చాలావాటి ఉక్కు మెత్తన. కాల్చొద్దు.

## ఏ తూటా?

తూటా గదిలో చక్కగా పట్టేసింది. ఇంక కాల్చుకోవచ్చు కదా?

ఈ రాతంతా ఈ ఒక్క ప్రశ్న కోసమే అనుకోండి. పట్టడం వేరు, తగడం వేరు.

అమెరికా సైన్యం 1892లో తీసుకున్న కోల్ట్ .38 రివాల్వర్‌నే చూడండి. అది .38 లాంగ్ కోల్ట్ తూటాకి చేసింది. ఇప్పటి రివాల్వర్లో సిలిండర్ గది లోపల చిన్న మెట్టు ఉంటుంది, గుల్ల అక్కడ ఆగుతుంది. ఆ తొలి కోల్ట్‌లలో మెట్టు లేదు, ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా తొలిచేశారు. అందుకని 1930లలో పుట్టిన .357 మాగ్నమ్ కూడా అందులోకి జారిపోతుంది, చేతికి ఏ అడ్డూ తగలదు. మాగ్నమ్ ఒత్తిడి 35,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా పోతుంది. ఆ రివాల్వర్ చూసినదానికి దాదాపు మూడింతలు. సిలిండర్ చీలితే పై ముక్క వెళ్ళేది కాల్చేవాడి మొహం వైపో, పక్క బల్ల మీదివాడి వైపో.

తూటా పెట్టె మీద పేరు, రివాల్వర్‌కి పుట్టినప్పుడు పెట్టిన తూటా పేరు, రెండూ ఒకటైతేనే తర్వాతి అడుగు.

నా రివాల్వర్ మీద .38 అని ఉంది. .38 స్పెషల్ వేస్తే తప్పేంటి?

'.38' అనేది ఇంటిపేరు లాంటిది, ఆ ఇంట్లో చాలామంది ఉన్నారు. .38 స్మిత్ అండ్ వెసన్ గుల్ల పొట్టిది, లావు. .38 స్పెషల్ గుల్ల పొడుగు, సన్నం. అందుకని సాధారణంగా ఒకదాని గదిలో ఇంకోటి సరిగా కూర్చోదు. కూర్చుంటే దానర్థం ఎవరో గదిని పొడుగు తొలిచారని. అలా తొలిచిన గదిలో గుల్ల పొట్ట ఉబ్బుతుంది, చీలుతుంది.

నిజానికి ఇవేవీ .38 అంగుళాల గుండ్లు కావు. స్పెషల్ గుండు .357 అంగుళాలు, స్మిత్ అండ్ వెసన్‌ది .361 దగ్గర. తొలినాళ్ళలో గుండు లావూ గుల్ల లావూ ఒకటే ఉండేవి, గుండు అడుగున సన్నగా చెక్కి గుల్లలో దూర్చేవాళ్ళు. తర్వాత గుండుని గుల్ల లోపలికి తీసుకెళ్ళారు, అది సన్నబడింది, పేరు మాత్రం పాతదే మిగిలింది.

.41 కోల్ట్ గుండు గొట్టంలో గలగలమంటోంది. తప్పు గుండా?

తప్పు కాకపోవచ్చు. .41 లాంగ్ కోల్ట్ 1877లో వచ్చిన కోల్ట్ థండరర్ రివాల్వర్‌తో పాటు మొదలైంది. మొదట్లో గుల్ల లావే గుండు లావు. దాని మీది జిడ్డు బయటే ఉండేది కాబట్టి జేబులో దారాలు, దుమ్ము, పొగాకు అన్నీ అంటుకునేవి. దాన్ని మాన్పించడానికి గుండుని గుల్లలోకి దించారు. దాంతో గుండు .386 అంగుళాలకి చిక్కింది, గొట్టం మాత్రం .40కి పైనే ఉండిపోయింది.

మరి ఎలా పని చేసేది? ఒక గుండుని తీసి బోర్లించి చూడండి. అడుగున చిన్న గిన్నెలా గుంట ఉంటుంది. మందు పేలగానే ఆ గిన్నె అంచులు పావడా విచ్చుకున్నట్టు విచ్చుకుని గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళని పట్టుకుంటాయి. అది జరగాలంటే సీసం మెత్తగా ఉండాలి. గట్టి సీసంతో చేసిన గుండు విచ్చుకోదు, గొట్టంలో దొర్లుకుంటూ పోయి గురి అట్టకి అడ్డంగా తగులుతుంది. అట్ట మీద గుండ్రటి చిల్లు బదులు తాళం చెవి ఆకారం చిల్లు పడితే విషయం ఇదే.

వెబ్లీ అనే బ్రిటిష్ రివాల్వర్‌కి .45 ఏసీపీ పిస్టల్ తూటా వేసుకోవచ్చని అమ్మినవాడు చెప్పాడు. నిజమా?

పడుతుంది, కాల్చకూడదు. వెబ్లీల సొంత .455 తూటాలు అమెరికాలో కరువైన రోజుల్లో చాలా వెబ్లీల సిలిండర్ వెనక భాగాన్ని సన్నగా అరగదీసి, అర్ధచంద్రం క్లిప్పులతో .45 ఏసీపీ పట్టేలా చేసి అమ్మారు. ఏసీపీ గరిష్ఠ ఒత్తిడి 21,000 పీఎస్‌ఐ. వెబ్లీని అంత దెబ్బకి చేయలేదు. బీటలిచ్చిన వెబ్లీ సిలిండర్లు ఉన్నాయంటే చాలామటుకు ఆ పుణ్యమే. అరగదీసిన సిలిండర్ ఉన్న వెబ్లీ దొరికితే ధర తగ్గించి అడగండి.

ఇంకో మాట. వెబ్లీల్లో మార్క్ 1 (1887), మార్క్ 2 (1894), మార్క్ 3 (1897)లకే అమెరికాలో ఆంటిక్ అయ్యే అవకాశం. అందరి దగ్గరా కనబడే మార్క్ 6 పుట్టింది 1915లో.

ఏ కేలిబరో ఎక్కడా రాసి లేదు. ఎలా కనుక్కోవాలి?

గది లోపలి అచ్చు తీయాలి. సెర్రోసేఫ్ అనే లోహ మిశ్రమం దొరుకుతుంది, 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్యే కరుగుతుంది, అంటే నీళ్ళు మరగనక్కర్లేదు. గదిలో పోస్తే గట్టిపడుతూ ముందు కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి తేలిగ్గా ఊడొస్తుంది. తర్వాత మెల్లగా ఉబ్బి గంటకి సరిగ్గా గది కొలతకి వస్తుంది. అప్పుడు కొలవాలి. అందులో సీసం, కాడ్మియం ఉంటాయి, వంటగదిలో వంటగిన్నెలో మాత్రం వద్దు. మా ఆవిడ ఇప్పటికీ ఆ పాల గిన్నె ఊసు ఎత్తుతుంది.

తూటాలే దొరకనప్పుడు జనం ఎలా కాలుస్తున్నారు?

రెండు దారులు. పాత కేలిబర్లు కొద్ది కొద్దిగా చేసే చిన్న తయారీదార్ల దగ్గర కొనడం ఒకటి, చుట్టాల గుల్లని కత్తిరించి సొంతంగా నింపుకోవడం ఇంకోటి. .44 రష్యన్ ఉదాహరణ బాగుంటుంది. రష్యా సైన్యం అడిగిందని 1871లో స్మిత్ అండ్ వెసన్ చేసిన తూటా అది. దాన్నే పొడిగిస్తే 1907లో .44 స్పెషల్ వచ్చింది, దాన్నీ పొడిగిస్తే 1955లో .44 మాగ్నమ్. కాబట్టి మనవడి గుల్ల కోస్తే తాత గుల్ల అవుతుంది. నింపడం మాత్రం చదివి నేర్చుకునేది కాదు. తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని కొన్ని నెలలు చూసి నేర్చుకోండి.

పాత తూటాల పెట్టె ఒకటి దొరికింది, సీలు కూడా ఉంది. వాడొచ్చా?

వద్దు. అప్పటి ప్రైమర్లలో పాదరసం ఉండేది, అది ఇత్తడిని పెళుసు చేస్తుంది. పేలకపోవచ్చు, ఆలస్యంగా పేలొచ్చు, గుల్ల చిట్లొచ్చు. పైగా సీలు విప్పని పెట్టెకి సేకర్తల దగ్గర వచ్చే డబ్బుతో కొత్త తూటాలు బోలెడు వస్తాయి.

పిన్‌ఫైర్ రివాల్వర్ కాల్చొచ్చా?

గుల్ల పక్కనుంచి చిన్న మేకు పొడుచుకొచ్చే రకం. ఫ్రాన్స్‌లో లెఫోషో కుటుంబం పేరుతో ప్రసిద్ధి. ఒక దేశపు సైనిక దళం తీసుకున్న తొలి లోహపు తూటా రివాల్వర్ అదే, 1858లో ఫ్రెంచ్ నౌకాదళం తీసుకుంది. దానికి ఆ గౌరవం ఇచ్చి పెట్టెలో ఉంచండి.

## కాల్చే రోజు

ఇప్పటి స్మోక్‌లెస్ (పొగ తక్కువ వచ్చే) మందే కొంచెం తగ్గించి వేస్తే సరిపోదా?

సరిపోదు. బ్లాక్ పౌడర్ తోసినట్టు పని చేస్తుంది, స్మోక్‌లెస్ కొట్టినట్టు పని చేస్తుంది. గుండు బయటికి వెళ్ళే వేగం రెండింటిలో ఒకేలా ఉన్నా, సిలిండర్ గోడ మీద పడే దెబ్బ ఒకేలా ఉండదు. పైగా బ్లాక్ పౌడర్ గుల్ల నిండా పడుతుంది. స్మోక్‌లెస్ అడుగున చిటికెడు ఉంటుంది, పొరపాటున రెండోసారి పోసినా గుల్ల పొంగదు, కంటికి తెలియదు. కోల్ట్ కంపెనీ కూడా తన 'సింగిల్ యాక్షన్ ఆర్మీ' రివాల్వర్‌కి స్మోక్‌లెస్ హామీ ఇచ్చింది 1900 ప్రాంతంలోనే. ఐవర్ జాన్సన్ తన మడిచే రివాల్వర్లని స్మోక్‌లెస్‌కి తగ్గట్టు మార్చింది 1909లో. తయారుచేసినవాళ్ళే ఒప్పుకోని పనికి మనం పూచీ పడటం దేనికి?

బ్లాక్ పౌడర్‌తో కాలిస్తే ఎలా ఉంటుంది?

సూరేకారం, గంధకం, బొగ్గు. చిచ్చుబుడ్డిలో ఉన్న సరుకే. శబ్దం 'ఠాప్' కాదు, 'ధుబ్'మంటుంది. ఎదుట తెల్లటి మేఘం లేస్తుంది, గాలి లేని రోజైతే అట్ట కనబడటానికి కాసేపు ఆగాలి. దీపావళి మర్నాడు పొద్దున వీధిలో ఉండే వాసన. నేనీ దారిలో పడింది ఆ వాసన వల్లే అనుకుంటాను.

కాలిన మందులో సగానికి పైగా ఆవిరి కాదు, మసిగా మిగులుతుంది. ఇరవై ముప్పై తూటాలకి సిలిండర్ బిగుసుకుపోవడం మొదలవుతుంది. తడిగుడ్డతో సిలిండర్ ముందుభాగం తుడిస్తే మళ్ళీ తిరుగుతుంది. బలవంతంగా తిప్పొద్దు.

మొదటిసారి కాల్చే ముందు ఎవరికైనా చూపించాలా?

పాత రివాల్వర్లు తెలిసిన గన్‌స్మిత్‌కి. కొత్త పిస్టళ్ళు బాగుచేసే ప్రతివాడికీ ఇవి తెలియవు, అడిగి వెళ్ళండి. ఆయన 'వద్దు' అంటే ఇంకొకాయన దగ్గరికి వెళ్ళి 'సరే' అనిపించుకునే ప్రయత్నం చేయొద్దు. మొదటి కొన్ని తూటాలు చేత్తో కాకుండా బల్లకి బిగించి, దూరం నుంచి తాడుతో కాల్చి, గుల్లలు తీసి చూసుకోవడం పాతవాళ్ళ అలవాటు. గుల్ల ఉబ్బినా, చీలినా, ప్రైమర్ వెనక్కి పొడుచుకొచ్చినా ఆ రోజుకి పెట్టె మూసేయండి. కళ్ళజోడు, చెవులకి మూత మీకే కాదు, పక్కనున్నవాళ్ళకీ.

ఆరు గదులున్నాయి, అయిదే నింపమంటారేమిటి?

1873 కోల్ట్ లాంటి వాటిలో హ్యామర్ దించితే దాని ముక్కు సరిగ్గా తూటా ప్రైమర్ మీద ఆనుతుంది. 'సేఫ్టీ' గాడి ఉంది గానీ అది నాజూకైనది, కింద పడితే విరుగుతుంది. అందుకని హ్యామర్ కింద గది ఖాళీగా ఉంచడం ఆ కాలం నుంచీ ఉన్న పద్ధతి.

డబుల్ యాక్షన్ రివాల్వర్ని ట్రిగ్గర్ లాగుతూ వరసగా కాల్చొచ్చా?

కోల్ట్ 1877 అయితే చేతులెత్తి దణ్ణం పెడతాను, వద్దు. లోపల సన్నటి రేకు స్ప్రింగులు, చిట్టి చిట్టి ముక్కలు. దాన్ని గన్‌స్మిత్‌ల బతుకుతెరువు అని ఊరికే అనలేదు. నా థండరర్‌ని మొదటి ఏడాది సరదాగా రెండుసార్లు అలా లాగాను. రెండోసారి ట్రిగ్గర్ మెత్తగా, పుచ్చిన పన్ను కదిలినట్టు కదిలింది. లోపల స్ప్రింగ్ రెండు ముక్కలు. దాన్ని కొత్తగా చేయించడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటి నుంచి ప్రతి తూటాకీ బొటనవేలితోనే హ్యామర్ ఎత్తుతున్నాను.

ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు. వెంటనే తెరవొచ్చా?

వద్దు. గొట్టం అట్ట వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు లెక్కపెట్టండి. కొన్ని ఆలస్యంగా పేలతాయి. 'తుస్'మని చిన్న శబ్దం వస్తే అది ఇంకా ప్రమాదం, గుండు గొట్టంలోనే ఆగి ఉండొచ్చు. ఖాళీ చేసి, గొట్టంలోంచి వెలుతురు కనబడేదాకా రెండోది కాల్చొద్దు.

## కాల్చాక, దాచేటప్పుడు

నీళ్ళతో కడగాలా? ఇనుముని నీళ్ళతోనా?

అవును. బ్లాక్ పౌడర్ మసిలో లవణాలుంటాయి, అవి గాల్లోని తేమని పీల్చి రాత్రికి రాత్రే తుప్పు తెస్తాయి. మామూలు గన్ ఆయిల్‌కి ఆ లవణాలు కరగవు, నీళ్ళకే కరుగుతాయి. వేడినీళ్ళు, కాస్త సబ్బు, గొట్టానికి బ్రష్, తర్వాత బాగా ఆరబెట్టడం, చివర నూనె. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్ళో అయితే ఇంటికొచ్చి భోజనం చేశాక చూద్దాంలే అనుకోవద్దు.

నికెల్ పూత ఉన్నవాటికి ఏ ద్రవం వాడాలి?

అమోనియా ఉన్నది మాత్రం వాడొద్దు. నికెల్ కింద రాగి పొర ఉంటే, పూతలో గీత దొరికినచోట అమోనియా లోపలికి దూరి రాగిని తినేస్తుంది, పైన నికెల్ పొలుసులుగా లేస్తుంది.

పాత తోలు ఒర కూడా దొరికింది. అందులోనే పెట్టి ఉంచనా?

పక్కపక్కన పెట్టండి, లోపల మాత్రం వద్దు. తోలు తేమని పట్టి ఉంచుతుంది, తోలుని పదును చేయడానికి వాడిన రసాయనాలు ఇనుముని తింటాయి. ఒర ఆకారంలోనే తుప్పు పట్టిన రివాల్వర్లు నేను చూశాను.

పిడి చెక్క ఊడదీద్దామంటే రావడం లేదు.

చెక్క కాదది, గట్టి రబ్బరు అయి ఉంటుంది. వందేళ్ళకి అప్పడంలా పెళుసవుతుంది. స్క్రూ పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు వదులు చేసి, స్క్రూ తల మీద మెల్లగా తడితే అవతలి పక్క చెక్క లేస్తుంది. గోరు పెట్టి పెకిలించొద్దు. స్క్రూడ్రైవర్ కూడా గన్‌స్మిత్‌లు వాడే రకమే, గాడికి సరిగ్గా సరిపోయే మొన ఉన్నది వాడండి. ఇంట్లోది వాడితే స్క్రూ తల చిట్లుతుంది, తర్వాత కొనేవాడు మొదట చూసేది దాన్నే.

ఆంటికే కదా, పిల్లలున్న ఇంట్లో గోడకి పెట్టొచ్చా?

చట్టం దాన్ని తుపాకీ అనకపోవచ్చు, అది పేలితే తుపాకీయే. తాళం వేసిన పెట్టెలో ఉంచండి. తూటాలు ఇంకో గదిలో, ఇంకో తాళంలో.

## ఇండియా సంగతులు

సెలవులకి వెళ్తున్నప్పుడు హైదరాబాద్‌కి తీసుకెళ్ళి నాన్నగారికి చూపించొచ్చా?

ఫొటోలు చూపించండి. అమెరికాలో ఆంటిక్ అన్న మాటకి అక్కడి కస్టమ్స్ దగ్గర విలువ లేదు. అంతకన్నా ముఖ్యం, రేంజ్‌కి (తుపాకులు కాల్చే చోటికి) తీసుకెళ్ళే సంచిని విమాన ప్రయాణానికి వాడొద్దు. అడుగున కుట్టులో ఇరుక్కున్న ఒక్క తూటాకి ఇండియా విమానాశ్రయాల్లో ఆయుధాల చట్టం కింద కేసులు అయ్యాయి. నేనైతే రేంజ్ సంచి ఎర్రది కొన్నాను, సూట్‌కేసుల గదిలోకే రానివ్వను.

ఊళ్ళో ఇల్లు సర్దుతుంటే అటక మీద తాతగారి రివాల్వర్ దొరికింది. పాతదే కదా, ఉంచుకోవచ్చా?

ఇండియాలో 1898 గీత లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు నమూనా, పురావస్తు విలువ ఉన్న ఆయుధాలకి మినహాయింపు ఉంది గానీ, బాగుచేసినా చేయకపోయినా తుపాకీగా పని చేయని స్థితిలో ఉంటేనే. తాతగారి వెబ్లీకి ఒక స్ప్రింగ్ వేస్తే పని చేస్తుందంటే మినహాయింపు లేనట్టే. పైగా .455, .38 లాంటివి అక్కడ ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు పౌరులకి నిషేధించిన కొలత) కింద వస్తాయి. మామూలు పౌరులకి లైసెన్స్ ఇచ్చే రివాల్వర్ సాధారణంగా .32.

చేయాల్సింది ఇది: విప్పొద్దు, పరీక్షించొద్దు, బంధువులందరికీ వాట్సాప్‌లో ఫొటోలు పెట్టొద్దు. పాత లైసెన్స్ పుస్తకం ఉందేమో బీరువాలో వెతకండి. ఒక వకీలుతో మాట్లాడి, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. వారసుడిగా లైసెన్స్‌కి అర్జీ పెట్టుకునే దారి ఆ తర్వాత.

దాన్ని అమెరికా తెప్పించుకుంటే?

వందేళ్ళు దాటిన వస్తువుల్ని ఇండియా బయటికి పంపడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డు. ఆ ఆలోచన వదిలేయండి.

ఇండియాలో ఇలాంటివి ఎక్కడ చూడొచ్చు?

హైదరాబాద్‌లో అయితే సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది. నేను పదోతరగతిలో స్కూలు వాళ్ళతో వెళ్ళాను. మిగతా పిల్లలందరూ గంట కొట్టే గడియారం దగ్గర ఉంటే నేను అక్కడ నిలబడిపోయి, బస్సు దగ్గర మాస్టారి చేత మొట్టికాయ తిన్నాను.